‘ఆయన సరిగ్గా పిలవలేదా?’

రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకురాలు ఏడు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. వయసు 44. ఉద్యోగం చేస్తున్నారు, తొమ్మిదో తరగతి చదివే కూతురు ఉంది. తండ్రి బస్సు డిపోలో మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యారు. పెద్ద చదువు లేదు గాని పోతన గజేంద్ర మోక్షం పద్యాలు ఆ చివర నుంచి ఈ చివరకు నోటికి వచ్చు. రిటైరైన ఏడాది చేతికి వచ్చిన డబ్బులో కొంత తీసి, శ్రీకాళహస్తి వెళ్లి, ఆరడుగుల కలంకారీ గుడ్డ మీద ఆ కథ రాయించుకుని వచ్చారు. హాల్లో, తన మంచానికి ఎదురుగా వేలాడదీసుకున్నారు.

తర్వాత మూత్రపిండాల జబ్బు వచ్చింది. రెండేళ్లు, వారానికి మూడుసార్లు డయాలసిస్. సూది గుచ్చే ముందు ‘లావొక్కింతయు లేదు’ అందుకునేవారట. వినీ వినీ అక్కడి నర్సుకు కూడా ఆ పద్యం వచ్చేసింది. పదకొండు నెలల క్రితం పోయారు. చివరి రాత్రి మాత్రం పద్యం చదవలేదు. భయపడ్డారు. ‘ఇక్కడ వద్దు, నన్ను ఇంటికి తీసుకుపోండి’ అని కూతురి చేయి పట్టుకుని వదల్లేదు. తెల్లవారకముందే ప్రాణం పోయింది. బెంగళూరులో ఉండే కొడుకు అప్పటికి రైల్లో ఉన్నాడు. ఆ రాత్రి సంగతి అన్నయ్యకు తరువాత చెప్పింది ఈమే.

ఆ అన్నయ్య ఇప్పుడు ఒక సత్సంగంలో చేరాడు. అక్కడ పురాణాలకు రహస్యార్థాలు చెబుతారు. ఏనుగు జీవుడు, మడుగు సంసారం, మొసలి కర్మ, చక్రం జ్ఞానం, వేయేళ్ల పోరుకు వెన్నెముకలో ఏదో లెక్క. సంక్రాంతికి వచ్చినప్పుడు తల్లి ఎదుటే అన్నాడు: ‘నాన్న పూర్తి శరణాగతి చేయలేదు. చివర్లో దేహాన్ని పట్టుకున్నారు. అందుకే హరి రాలేదు. మళ్లీ జన్మ తప్పదు.’ ఆ రోజు నుంచి ఆ తల్లి రాత్రిపూట అన్నం మానేసింది. ఒక రాత్రి కూతుర్ని లేపి అడిగింది: ‘ఆయన సరిగ్గా పిలవలేదా?’

ఆబ్దికం వచ్చే నెల, ఈమె ఇంట్లోనే. కర్త అన్నయ్యే. ఆ సాయంత్రం తన గురువుగారి చేత గజేంద్ర మోక్షం అంతరార్థం మీద ప్రసంగం పెట్టిస్తానంటున్నాడు. ఈమె ఆ గుడ్డను దించి, మడిచి, బీరువా మీదికి తోసేశారు. ‘ఏనుగు కోసం పరుగెత్తినవాడు మా నాన్న కోసం ఎందుకు రాలేదు? ఆ బొమ్మ చూస్తే నాకు అదే’ అని రాశారు. ఈలోగా కూతురు అడిగిన ప్రశ్న ఇది: ‘ఇది నిజంగా జరిగిందా అమ్మా? జరగకపోతే తాతయ్య ఎందుకు చదివినట్టు?’

అన్నయ్య చెప్పే అర్థం నిజమేనా, ప్రసంగం ఆపించాలా, అమ్మకు ఏమి చెప్పాలి, బొమ్మను ఏమి చేయాలి – ఇవీ ఆమె ప్రశ్నలు.

*

ముందు మీ అమ్మగారి సంగతి చూద్దాం. సంక్రాంతి నుంచి రాత్రి భోజనం లేదని, జాకెట్లు వదులైపోయాయని, నిద్ర పట్టడం లేదని మీరే రాశారు. ఉత్తరంలో అది ఐదో పేజీలో, ఒక వాక్యంలో ఉంది. నాకైతే మొదటి పేజీలో ఉండవలసిన మాట అది. ఈ వారంలోనే ఆమెను డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లండి. భర్త పోయి పదకొండు నెలలైన మనిషి తిండి మానేసిందని, నిద్ర లేదని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఏ పద్యానికి ఏ అర్థం తేలినా ఆ పని ఆగకూడదు.

ఇక కథ. మీ ఉత్తరం చదివాక భాగవతం అష్టమ స్కంధం మళ్లీ తీశాను. మీ అన్నగారు చెబుతున్నట్టు అర్థం చెప్పడం తప్పేమీ కాదు, మొదట అది ఒప్పుకోవాలి. మడుగు సంసారం, ఏనుగు జీవుడు అని చెప్పుకోవడం ఈ మధ్య ఎవరో కనిపెట్టిన పద్ధతి కాదు. పురాణం చెప్పేవాళ్లు తరతరాలుగా అలా చెబుతూనే వచ్చారు. దాని వల్ల తన కాలు ఏ మొసలి నోట్లో ఉందో చూసుకున్నవాళ్లు ఎందరో ఉంటారు. వెన్నెముక లెక్కల గురించి నేనేమీ అనను, నాకవి రుచించవు, అంతే. కాని ‘మొసలి అంటే నా కర్మ’ అనుకోవడం ఒకటి, ‘మీ ఆయన కాలు మొసలి నోట్లోనే ఉండిపోయింది’ అని ఒక విధవరాలితో చెప్పడం ఇంకొకటి. మొదటిది అర్థం చెప్పుకోవడం. రెండోది తీర్పు. తీర్పుకు ఆధారం కావాలి కదా? ఆ ఆధారం పద్యాల్లో ఉందో లేదో చూద్దాం.

‘పూర్తి శరణాగతి చేస్తేనే హరి వస్తాడు’ అన్నది మీ అన్నగారి వాదం. దానికి సాక్ష్యం ‘నీవే తప్ప నితఃపరం బెరుగ’ అన్న మాట. అంటే మీ నాన్నగారి పద్యమే. సరే. ఆ పద్యం తరువాతి పద్యం ఏమిటో మీ అమ్మగారిని అడగండి, ఆమెకు వచ్చే ఉంటుంది. ‘వినుదట జీవుల మాటలు’. జీవుల మాటలు వింటావట, వెళ్లరాని చోట్లకు వెళతావట, పిలిస్తే ఓ అంటావట, అన్నీ చూస్తావట, ‘సందేహమయ్యె గరుణావార్ధీ’. పద్యమంతా అట, అట, అట. ఎవరో చెప్పగా విన్న మాటలు, నాకైతే నమ్మకం కుదరడం లేదని చెప్పడం. నీవు తప్ప నాకెవరూ లేరని చేతులెత్తేసిన వెంటనే, అదే నోటితో, సందేహంగా ఉందంటోంది ఆ ఏనుగు! అంతకు ముందు ‘కలడు కలండనెడువాడు కలడో లేడో’ అన్నది సరే, అది శరణు వేడక ముందు మాట అని సర్దుకోవచ్చు. ఇది శరణు వేడిన తరువాతి మాట. దీన్ని పోతన కప్పిపుచ్చలేదు. సందేహించాడు కనుక రాను అని హరి అక్కడ ఆగిపోనూ లేదు.

కాబట్టి చివరి రాత్రి మీ నాన్నగారు భయపడ్డారని, పద్యం మరిచారని, అందువల్ల లెక్క తప్పిందని చెప్పడానికి గజేంద్ర మోక్షంలో చోటు లేదు. ఈ ఒక్క విషయంలో మాత్రం నేను మీ అన్నగారితో సూటిగా విభేదిస్తాను.

భక్తిలో లోపం అన్న మాట కూడా ఈ కథలో నిలవదు. ఆ ఏనుగు పూర్వజన్మలో ఎవరు? ద్రవిడ దేశపు రాజు ఇంద్రద్యుమ్నుడు. కొండ మీద మౌనవ్రతంతో నారాయణుణ్ణి పూజిస్తూ కూర్చున్నాడు. అగస్త్యుడు వస్తే లేవలేదు. ఏనుగువై పుట్టమని శాపం. పూజలో మునిగి ఉన్నవాడికి, ఆ పూజ మధ్యలోనే, శాపం తగిలింది. భక్తుడికి కష్టం వచ్చిందంటే ఎక్కడో భక్తి తగ్గిందన్న లెక్కను ఈ పూర్వకథే కొట్టిపారేసింది. ఇక మొసలి? హూహూ అనే గంధర్వుడు, పాటగాడు. దేవలుడనే ముని శాపం వల్ల మొసలి అయ్యాడు. చక్రం తగిలి తల తెగగానే గంధర్వ రూపం వచ్చి, హరిని స్తుతించి తన లోకానికి వెళ్లిపోయాడు. ఇద్దరిలో ముందు విడుదలైంది మొసలే. ‘మొసలి అంటే కర్మ’ అని ఒక్క గీత గీసి ఊరుకుంటే ఈ గంధర్వుణ్ణి ఏమి చేయాలి?

మీ కలంకారీ గురించి మీరు రాసిన వాక్యం ఒకటి నాకు బాగా పట్టుకుంది. ‘మొసలి నోరు ఏనుగు కాలి మీదే ఉంది గాని, కన్ను మాత్రం పైకి, విష్ణువు వైపు తిరిగి ఉంటుంది. నాన్నకు ఆ కన్ను ఇష్టం’ అని రాశారు. ఆ గుడ్డ రాసిన మనిషి కథ అంతా తెలిసి రాశాడు. ఉత్తరప్రదేశ్‌లోని దేవగఢ్‌లో గుప్తుల కాలపు దశావతార ఆలయం ఉంది, సుమారు 1500 ఏళ్ల నాటిది. దాని గోడ మీద గజేంద్ర మోక్షం శిల్పం ఉంది. అందులో మొసలి లేదు. ఏనుగు కాళ్లను చుట్టుకున్నది నాగుడు, మనిషి తలతో, పడగలతో. పట్టుకున్నవాడే చేతులు జోడించి దండం పెడుతుంటాడు. ఆ శిల్పికి మొసలి అక్కర్లేకపోయింది, ఆ దండం కావలసి వచ్చింది. మీ శ్రీకాళహస్తి చేతికి ఆ కన్ను కావలసి వచ్చింది. బొమ్మలు వేసేవాళ్లు అర్థాన్ని ఇలా చెబుతారు. ఇది అది, అది ఇది అని పట్టీ రాసి ఇవ్వరు.

ఇప్పుడు కష్టమైన చోటికి వద్దాం. ఏనుగు కోసం వచ్చినవాడు నాన్న కోసం ఎందుకు రాలేదు?

దీనికి చాలామంది ఒక జవాబు సిద్ధంగా ఉంచుకుంటారు. కథ పేరు గజేంద్ర రక్షణ కాదు, గజేంద్ర మోక్షం అంటారు. అది నిజమే. సంస్కృత భాగవతంలో ఏనుగు తన స్తుతిలోనే చెబుతుంది: ఇక్కడ బతకాలని నా కోరిక కాదు, లోపలా బయటా అజ్ఞానం కప్పిన ఈ ఏనుగు పుట్టుకతో నాకేమి పని, ఆ కప్పు నుంచి విడుదల కావాలి అని. చివరికి హరి చేయి తగలగానే ఏనుగు శరీరం పోయి, పసుపుపచ్చ బట్టతో, నాలుగు చేతులతో విష్ణురూపం వస్తుంది. మడుగు దాటి అడవికి పోలేదు. అలా చూస్తే ఏనుగుకూ మీ నాన్నగారికీ జరిగింది ఒకటే, ఇద్దరూ దేహం వదిలారు. శ్రీవైష్ణవ వ్యాఖ్యాతలు ఇంకొక అడుగు ముందుకు వేసి, గజేంద్రుడు ప్రాణం కోసం కాదు, తొండంలోని తామరపువ్వు వాడిపోకముందే స్వామికి అందాలని పిలిచాడంటారు. చాలా అందమైన మాట.

కాని ఈ జవాబు మీకిచ్చి చేతులు దులుపుకోవడం నాకు ఇష్టం లేదు. ఎందుకంటే మీ నాన్నగారు చదివింది పోతనను. పోతన ఏనుగు పూర్తిగా వేరు. ‘లావొక్కింతయు లేదు, ధైర్యము విలోలంబయ్యె, ప్రాణంబులున్ ఠావుల్ దప్పెను, మూర్ఛ వచ్చె, తనువున్ డస్సెన్, శ్రమంబయ్యెడిన్’ – ఒక్కసారి పద్యమని మరిచిపోయి చదవండి. రోగి డాక్టరుకు చెప్పుకునే మాటలు ఇవి. ఒంట్లో బలం లేదు, ధైర్యం చాలడం లేదు, కళ్లు తిరుగుతున్నాయి, ఒళ్లు డస్సిపోయింది, ఆయాసంగా ఉంది. వారానికి మూడుసార్లు ఆ మంచమెక్కే మనిషికి ఈ పద్యం ఎందుకు నోట్లో నానిందో నాకిప్పుడు అర్థమైంది. ఆ ఏనుగు వేదాంతం మాట్లాడటం లేదు. కాపాడమంటోంది. పోతన కూడా దాన్ని ఒడ్డుకు చేర్చి, పక్కనున్న ఆడ ఏనుగులను తొండంతో నిమిరే దాకా కథను ఆపి ఉంచాడు. ‘కరపీడన మాచరించె గరిణుల మరలన్’ అన్నాడు. మళ్లీ చేయి పట్టుకుంది, తన వాళ్ల చేయి. మోక్షం సంగతి ఆ తరువాతే.

కాబట్టి మీ కోపానికి పోతనలోనే తావుంది. తండ్రి బతకాలని, మళ్లీ మీ చేయి నిమరాలని మీరు కోరుకున్నారు. ఆయనా కోరుకున్నారు. అది జరగలేదు. జరగనిదాన్ని ‘అసలు అదే మోక్షం’ అని మలిచి మీ చేతిలో పెడితే, కొన్నాళ్లు పని చేస్తుందేమో గాని ఒక రాత్రి అది చేతిలోంచి జారిపోతుంది. మీకు ఆ ఓదార్పు నిజంగా అందితే తీసుకోండి, అది పరాయిది కాదు, మూలంలో ఉన్నదే. అందకపోతే కోపంగానే ఉండండి. ‘సందేహమయ్యె’ అన్న పద్యం ఉన్నది అందుకే.

‘ఇంటికి తీసుకుపోండి’ అన్న మాటకు కూడా ఎవరైనా అర్థం చెబుతామంటే వద్దనండి. ఇల్లంటే వైకుంఠమని ఒకరంటారు, ఇల్లంటే దేహమోహమని మీ అన్నగారన్నారు. నాకు తోచేది వేరు. ఇల్లంటే రాజమహేంద్రవరంలో మీ ఇల్లు. తన మంచం, ఎదురుగా ఆ గుడ్డ. ఆస్పత్రి గదిలో గోడకు ఏముందో మీకు తెలుసు.

మీ అన్నగారి విషయంలో నాది ఊహ మాత్రమే, తప్పయితే కొట్టేయండి. ‘అన్నయ్య అప్పటికి రైల్లో ఉన్నాడు’ అని రాసి, మీరు వెంటనే వేరే విషయానికి వెళ్లిపోయారు. నేను అక్కడే ఆగిపోయాను. ‘సిరికిం జెప్పడు’ పద్యం తెలియని తెలుగు ఇల్లు ఉండదు. పిలుపు వినగానే లక్ష్మికి చెప్పకుండా, శంఖచక్రాలు పట్టకుండా, గరుత్మంతుడి మీద జీను వేయకుండా పరుగెత్తినవాడి పద్యం. తండ్రి నోట చిన్నప్పటి నుంచి ఆ పద్యం విన్న కొడుకు, తండ్రి పిలిచిన రాత్రి రైలు బెర్తు మీద ఉన్నాడు. అలాంటివాడికి ‘పిలుపులోనే లోపముంది’ అన్న సిద్ధాంతం ఎంత ఊరటో ఆలోచించండి. పిలుపు సరిగ్గా లేకపోతే, రాలేకపోయినవాడి తప్పు ఉండదు కదా. హరి గురించి అన్నాడనుకుంటున్నాం గాని, తన గురించి అన్నాడేమో.

మీకూ ఇందులో ఒక ముల్లుంది. ఆ రాత్రి మాటలు అన్నయ్యకు చెప్పింది మీరే. అవే మాటలు తిరిగి వచ్చి అమ్మకు తగిలాయి. ఆయన మీద మీకున్న కోపంలో కొంత మీ మీద మీకున్నదేనని నా అనుమానం. మీరు చేసిన తప్పేమీ లేదు. చెల్లెలు అన్నకు తండ్రి చివరి మాటలు చెప్పకపోతే ఎవరు చెబుతారు?

ఆబ్దికం నాటి ప్రసంగం గురించి. మా ఇంట్లో వద్దని ఖండితంగా చెప్పవచ్చు. ఇల్లు మీది, ఆ హక్కు ఉంది. కాని కర్త ఆయన. పట్టుదల పెరిగితే ఆబ్దికమే బెంగళూరులో పెడతాననవచ్చు. అప్పుడు మీ అమ్మగారు ఎక్కడ కూర్చోవాలి? ఏడాది తిరిగిన రోజున ఇద్దరు పిల్లల మధ్య ఎంచుకోవలసిన పని ఆమెకు పెట్టకండి. పోనీ, జరగనిద్దామని ఊరుకుంటే, ఆమె ముందు వరుసలో కూర్చుంటుంది. ఆ పూర్తి శరణాగతి మాట ఈసారి గురువుగారి నోట, బంధువులందరి ఎదుట వచ్చిందంటే, ఇక మీ కుటుంబంలో మీ నాన్నగారి చావుకు అదే కథ అయిపోతుంది. పిల్లలు కూడా అదే చెప్పుకుంటారు. నాకు అది అన్నిటికన్నా భయం.

మధ్యలో ఒక దారి ఉంది. ప్రసంగాన్ని ఇంకో రోజుకు మార్చమని అడగడం. ఆ సాయంత్రం ఉపన్యాసం బదులు, నాన్న చదివిన వరుసలోనే పద్యాలు ఇంటివాళ్లే చదవడం. వచ్చినవాళ్లు వచ్చినన్ని చదువుతారు. అన్నయ్యకూ వచ్చు కదా, చిన్నప్పటి నుంచి విన్నవాడు. ‘వినుదట’ మాత్రం వదలకండి. ఇందులోనూ చిక్కుంది. గురువుగారికి మాట ఇచ్చేశానని ఆయన అనవచ్చు. అలా అంటే ఒకే ఒక్క షరతు పెట్టండి: కథకు ఏ అర్థమైనా చెప్పుకోవచ్చు, నాన్న పేరు ఎత్తకూడదు. ఆ మాట గురువుగారికి ముందే చేరాలి, చేర్చవలసింది అన్నయ్య. మీరు నేరుగా ఫోను చేస్తే ఆయన్ని తక్కువ చేసినట్టవుతుంది. వాయిదా వేయించడమే నా మొగ్గు, కాని మీ అన్నగారి స్వభావం మీకు తెలిసినంత నాకు తెలియదు.

ఏ దారైనా, ముందు ఒక మాట జరగాలి. ఫోనులో కాదు. వీలైతే మీరే ఒక రోజు సెలవు పెట్టి బెంగళూరు వెళ్లండి. సిద్ధాంతం జోలికి పోకుండా, ఆ రాత్రి ఎనిమిది నుంచి తెల్లవారే దాకా ఏమి జరిగిందో పూర్తిగా చెప్పండి. ఆయనకు ఇప్పటి దాకా చేరింది ఒక్క వాక్యమే. మిగతా రాత్రి ఆయనకు తెలియదు. ఎన్ని గంటలకు నీళ్లు అడిగారు, మీ చేయి ఎలా పట్టుకున్నారు, కొడుకు ఎక్కడిదాకా వచ్చాడని అడిగారా లేదా. అడిగి ఉంటే అదీ చెప్పండి, అడగకపోతే అడిగారని అబద్ధం చెప్పకండి. ఆయన ఏడవవచ్చు. లేదా మొహం ముడుచుకుని మళ్లీ శరణాగతి గురించి మాట్లాడవచ్చు. రెండోదే జరిగితే, అమ్మ తిండి మానేసిందన్న ఒక్క సంగతి చెప్పి వచ్చేయండి. అది ఆయనకు తెలుసో లేదో మీ ఉత్తరంలో లేదు.

అమ్మకు ఏమి చెప్పాలని అడిగారు. మీ నాన్నగారికి మోక్షం వచ్చిందని నేను చెప్పలేను, మీరూ చెప్పలేరు. రాలేదని మీ అన్నగారు మాత్రం ఎలా చెబుతారు? ఆమె అడిగింది ‘సరిగ్గా పిలవలేదా’ అని. దానికి నిజమైన జవాబు మీ దగ్గర ఉంది: పిలిచారు, రెండేళ్లు, వారానికి మూడుసార్లు, పక్క మంచం వాళ్లకు వినబడేలా. ఆ నర్సుకు పద్యం ఎలా వచ్చిందో మళ్లీ చెప్పండి. ఇంకొక పద్యం ఉంది, ఆమె గురించే రాసినట్టుంటుంది. మొసలితో పోరాడే భర్తను ఒక్కణ్ణీ వదిలి వెళ్లలేక ఆడ ఏనుగులు ఒడ్డునే నిలబడిపోతాయి. ‘పోవ గాళ్లు రాక’ అంటాడు పోతన. ఆ రెండేళ్లు డయాలసిస్ గది బయట బెంచీ మీద కూర్చున్నది ఎవరు? రహస్యార్థాలు చెప్పేవాళ్లు కొందరు ఈ ఆడ ఏనుగులను ‘ఇంద్రియాలు’ అని తేల్చేస్తారు. మీ అమ్మగారికి ఆ అర్థం చెప్పకండి దయచేసి.

మీ అమ్మాయి ప్రశ్న చాలా మంచి ప్రశ్న, తేలిగ్గా తీసేయకండి. ‘నిజమే, దేవుడి కథలను అడక్కూడదు’ అంటే ఆమె ఇక అడగదు, నమ్మదు కూడా. ‘కట్టుకథ’ అంటే తాతయ్యను కూడా ఆ బుట్టలో వేసేస్తుంది. చోటు ఎక్కడో ముందు ఇద్దరూ కలిసి వెతకండి. భాగవతం అయితే పాలసముద్రం మధ్య త్రికూట పర్వతం మీద అంటుంది. తమిళనాడులో కుంభకోణం దగ్గర కపిస్థలం ఉంది, వైష్ణవులకు ముఖ్యమైన 108 క్షేత్రాల్లో, అంటే దివ్యదేశాల్లో, ఒకటి, గజేంద్రుణ్ణి కాచిన స్వామి ఇక్కడివాడేనంటారు. బీహారులో గండకి గంగలో కలిసే చోట, హాజీపూర్‌లో, ఇక్కడే జరిగిందని చూపిస్తారు. ఆ రేవు పేరు కోన్‌హారా. ‘కౌన్ హారా’, ఎవరు ఓడారు అన్న ప్రశ్న నుంచి ఆ పేరు వచ్చిందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఒక కథకు ఇన్ని చిరునామాలు ఎందుకున్నాయో ఆమెనే చెప్పనివ్వండి. తొమ్మిదో తరగతి పిల్ల, మీరనుకున్నదానికన్నా బాగా చెబుతుంది. ‘కలడో లేడో’ అని అడిగింది తను ఒక్కతే కాదని కూడా చూపించండి.

చివరగా ఆ గుడ్డ. మళ్లీ గోడకు పెట్టాలా వద్దా అన్నది ఇప్పుడే తేల్చకండి. పెడితే మీ అమ్మగారు రోజంతా దాని ఎదుటే కూర్చోవచ్చు, అది ఆమెకు మంచో చెడో డాక్టరును కలిశాక తెలుస్తుంది. మీ అన్నగారికి ఇచ్చేయాలన్న ఆలోచన ఒకటి రాశారు, కోపంతో అయితే వద్దు. కొన్నాళ్ల తరువాత, ఆయన అడిగితే, అది వేరే సంగతి.

కాని బీరువా మీద నుంచి మాత్రం ఈ రోజే దించండి, మడిచి పెట్టానని రాశారు కనుక. శ్రీకాళహస్తి పనివాళ్లు దాన్ని బొమ్మ అనరు, వ్రాతపని అంటారు. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద, ఇనుప తుప్పు బెల్లం నీళ్లలో ఊరబెట్టిన ద్రవంతో, వెదురు కలంతో గీస్తారు. గుడ్డలోని కరక్కాయ తగిలిన చోటే గీత నల్లబడుతుంది. ఆ నలుపులో ఇనుము ఉంటుంది, చాలా ఏళ్లు ఒకే మడతలో ఉంటే గీత దగ్గరే గుడ్డ చిట్లుతుంది. లావుపాటి అట్ట గొట్టానికి పాత నూలు పంచె చుట్టి, దాని మీద బొమ్మ వైపు బయటికి ఉండేలా వదులుగా చుట్టండి. పైన ఇంకొక నూలు గుడ్డ. ప్లాస్టిక్ సంచి వద్దు, చెమ్మ పడుతుంది. చుట్టేటప్పుడు మొసలి కన్ను ఉన్న చోట మడత పడిందేమో ఒకసారి చూడండి. పడి ఉంటే చేత్తోనే సర్దండి, ఇస్త్రీ పెట్టెను మాత్రం ఆనించకండి.